కనకవ్వ కంపెనీలో ఖాళీ లారీలు

సెంటినరీ కాలనీలో కంపెనీ అంటే ఒకటే కంపెనీ, బొగ్గు గనులది. నీళ్ళు వదిలేది అదే, కరెంటు ఇచ్చేది అదే, రోగమొస్తే దవాఖానా అదే. అలాంటి చోట ఒక ఆడమనిషి, అదీ యాభై ఆరేళ్ళ వయసులో, "నా కంపెనీల ఇయ్యాల మస్తు పనున్నది" అని నల్లా దగ్గర బిందె దించి చెప్పిందంటే వినేవాళ్ళు నవ్వక ఏం చేస్తారు? నవ్వారు. కనకవ్వ పట్టించుకోలేదు. బిందె నిండేలోపు రెండు లారీలు పంపించి, ఫోను రొంటిన దోపుకుని ఇంటికి పోయింది.

ఆమె కంపెనీ ఆ ఫోనులో ఉంది. "గోదాముల రాజ్యం" అని ఒక ఆట. ఊరూరా గోదాములు కట్టుకోవాలి. ఒకచోట సరుకు తీసుకుని, ఇంకోచోట ఎవరికేం కావాలో చూసి లారీల మీద పంపాలి. ఏ గోదాంలో ఏది ఎంత ఉంచాలి, ఏ లారీ ఏ దారిన పోవాలి, అన్నీ ఆడేవాళ్ళే చూసుకోవాలి. దాన్ని ఫోనులోకి ఎక్కించింది కూతురు సంతోషి. కనకవ్వ మొగుడు సదయ్య గనిలో ముప్పై ఆరేళ్ళు చేసి, నడుము దెబ్బతిని మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఆయన బదులు బిడ్డకు వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. పిల్ల డ్యూటీకి పోయిన మొదటి వారమంతా తల్లి గంటకోసారి ఫోన్ చేసి తిన్నవా, పైలమా అని అడుగుతుంటే ఆ పిల్లకు తోటివాళ్ళ ముందు తలకొట్టేసినట్టయింది. "అవ్వా, నీకు ఫికర్ లేకుంట ఒకటి ఎక్కిస్తున్న, గిది ఆడుకో" అంది. మందు అతిగా పనిచేసింది. మూడో నెల వచ్చేసరికి పిల్ల తిన్నదో లేదో అడగడమే తల్లి మరిచిపోయింది. ఇప్పుడు పిల్లే ఫోన్ చేసి, "అవ్వా, నేనింకా తినలే" అని చెప్పుకోవాల్సి వస్తోంది.

నిజానికి కనకవ్వకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళకు కాసిపేట దగ్గరి పల్లె నుంచి కోడలై వచ్చినప్పుడు ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు, మూడు షిఫ్టులు. మామ పొద్దున, మొగుడు మధ్యాహ్నం, మరిది రాత్రి. ఉన్నది ఒక పొయ్యి, రెండు సద్దిగిన్నెలు. ఒకరి గిన్నె తిరిగొస్తే గానీ ఇంకొకరికి సద్ది కట్టేందుకు లేదు. అయినా అన్నేళ్ళలో ఒక్కరి సద్ది ఒక్కనాడు ఆలస్యం కాలేదు. ఆ లెక్కన చూస్తే గోదాముల సంగతి ఆమెకు పెళ్ళినాడే తెలుసు.

మనిషి మంచిదే, కానీ ఒక మొండిపట్టు ఉంది. ఎవరి గిన్నె వచ్చినా ఖాళీగా తిప్పి పంపదు. పక్క క్వార్టర్ జహీరా రంజాన్‌కు షీర్‌ఖుర్మా పంపిస్తే ఆ గిన్నె సకినాలతో వెనక్కి పోవాలి. సకినాలు లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలు. అవీ లేకపోతే చిటికెడు చక్కెర. ఉత్త గిన్నె ఇస్తే ఇచ్చిన చెయ్యి ఉత్తదైపోతుందని వాళ్ళవ్వ చెప్పింది, ఈవిడ పట్టుకుంది. జహీరాకు కూడా ఆ అలవాటు అంటింది. రెండిళ్ళ మధ్య గోడ మీదుగా ఒకటే గిన్నె పన్నెండేళ్ళుగా అటూ ఇటూ తిరుగుతోంది, అది మొదట ఎవరిదో ఇద్దరికీ గుర్తు లేదు.

మొగుడు మెకానిక్ నజీర్ షెడ్డుకు పోయాక జహీరా కూడా అదే ఆట ఆడుతుంది. ఆమెది "జహీరా ట్రేడర్స్". బుద్ధిగా, చిన్నగా, ఖర్జూరాల వ్యాపారం. కనకవ్వది అలా కాదు. నాలుగు గోదాములు, పది లారీలు. ఆ పది లారీలకూ ఆమె పెట్టిన ఆజ్ఞ ఒకటే, తిరిగొచ్చేటప్పుడు నిండితేనే కదలాలి. "గంత దూరం పోయి ఉత్త చేతులతోని ఎట్లొస్తయి?" అంటుంది. బియ్యం తీసుకుని రేవు పట్నానికి పోయిన లారీ అక్కడేది దొరికితే అది ఎక్కించుకుని రావాల్సిందే. ఆ రేవులో దండిగా దొరికేవి ప్లాస్టిక్ కుర్చీలు.

అప్పుడు వచ్చింది పెద్ద ఒప్పందం. రేవు పట్నానికి రెండు వందల లారీల బియ్యం, ఆదివారం సాయంత్రం ఐదింటిలోపు. చేరిస్తే పెద్ద కంపెనీల వరుసలోకి ఎక్కుతారు. చేర్చకపోతే కంపెనీ మూత పడుతుంది, గోదాములూ లారీలూ అన్నీ పోయి మళ్ళీ ఒక్క రేకుల షెడ్డుతో మొదలు. షరతులన్నీ జహీరా చదివి వినిపించి, "గింత పెద్దది మనకెందుకు కనకక్క" అంది. కనకవ్వ వేలు అప్పటికే నొక్కేసింది.

ఆదివారం మధ్యాహ్నం కోడికూరతో అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మూడుంబావుకు ఫోను తీసింది. నూట అరవై లారీల బియ్యం చేరింది, ఇంకా నలభై. బాగానే ఉంది. కానీ లారీలు కదలడం లేదు. పది లారీల్లో ఒక్కటీ కదలడం లేదు. చూస్తే బియ్యం గోదాం నిండా కుర్చీలు, పదివేలు. మిల్లు నుంచి వచ్చే బియ్యం దించుకోవడానికి జాగ లేదు. గేటు ముందు పది లారీలు, లారీకి రెండు వందల కుర్చీలతో, దించే చోటు లేక, మింగలేక కక్కలేక నిలబడి ఉన్నాయి. తెర కింద "పారవేయి" అని ఎర్ర గుండీ ఒకటుంది. కంచంలో మెతుకు పారెయ్యని మనిషి కొత్త కుర్చీలు పారేస్తుందా?

కనకవ్వకు ఏడుపొచ్చింది. ఆట అని ఆమెకు తెలుసు, ఆ మాట ఆమెకు మనం చెప్పనక్కర్లేదు. కానీ ఆ క్వార్టర్ మొన్నటిదాకా మొగుడి పేరు మీద ఉంది, ఇప్పుడు బిడ్డ పేరు మీద ఉంది. ఈ భూమ్మీద ఆమె పేరు మీద ఉన్నవి రెండే, రేషన్ కార్డు, ఈ కంపెనీ. గోదాం నెత్తిన "కనకవ్వ అండ్ కంపెనీ" అని పచ్చ బోర్డు కూడా ఉంది. ఐదు దాటితే అది ఉండదు.

వాకిట్లో మంచం మీద పడుకున్న సదయ్యకు ఆ ఏడుపు వినిపించింది. అన్‌ఫిట్ అయిన ఈ రెండేళ్ళలో ఆయన్ను ఎవరూ ఏదీ అడగలేదు, ఆయనా ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఆటంటే అసలే మంట.

"ఏందే, ఎవలు పోయిండ్రు?"

"నా కంపెనీ పోతున్నది."

సదయ్య నడుము పట్టుకుని లేచి, అద్దాలు పెట్టుకుని, ఫోనులోకి చాలాసేపు చూశాడు. "పోయేటప్పుడు నిండుగనే పోతున్నయి. వచ్చేటప్పుడు గీ కుర్చీలు ఎందుకు మోస్తున్నయి?"

"ఉత్తగ ఎట్ల రానిస్తం?"

ఆయన నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "ముప్పయ్యేండ్లు నేను హాలేజ్ ఇంజన్ మీద చేసిందేంది? తాడు కట్టి ఉత్త టబ్బులు కిందికి దించుడు, బొగ్గు నిండినయి పైకి గుంజుడు. ఉత్త టబ్బు కిందికి పోకుంటె బొగ్గు దేంట్ల ఎత్తుతరు? షిఫ్టంత చేతులు కట్టుకొని కూసునుడే."

"టబ్బు వేరు, గిన్నె వేరు."

"మరి లారీ గిన్నెనా, టబ్బా? నువ్వే చెప్పు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి మొదటిసారి నాలుగో కాలు కనిపించింది. సదయ్య వేలు ఎర్ర గుండీ వైపు పోబోతే మాత్రం కనకవ్వ గట్టిగా పట్టుకుంది.

"పారేస్తె ఊకోను."

"అయితె ఎవలకన్న ఇయ్యి. లారీల మీదియి ఇస్తె చాలు. గోదాంలయి ఆడనే ఉండనీ, లారీలు సీద మిల్లు కాడికి పోయి బియ్యం ఎత్తుకుంటయి."

ఇవ్వడమంటే వేరే సంగతి. ఇవ్వడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. గోడ దగ్గరికి ఉరికింది. "జహీరా, కుర్చీలు కావాల్నా?"

"ఎన్నక్క?"

"రెండు వేలు."

జహీరా తన గోదాం తెరిచి చూసుకుంది. "సరే పంపు. జర సర్దుకుంట."

ఆటలో జహీరా గోదాం బియ్యం గోదాం ఉన్న ఊళ్ళోనే ఉంది. లారీలు పోయాయి, దించాయి. దించగానే జహీరా చెయ్యి అలవాటు కొద్దీ మొదటి లారీలోకి ఖర్జూరాలు ఎక్కించడం మొదలుపెట్టింది. కనకవ్వ గోడ మీద చేత్తో కొట్టింది.

"ఏం పెట్టకు జహీరా. ఖాళీగనే పంపు."

జహీరా గోడ మీదికి మెడ చాచి ఆమె మొహం చూసింది. "పానం మంచిగ లేదా అక్క?"

"పానం మంచిగనే ఉన్నది. ఖాళీగ పంపు, జల్ది."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. చెప్పాక ఆమెకే నవ్వొచ్చింది, ఆ నవ్వు ఇక ఆగలేదు.

నిండితేనే కదలాలన్న ఆజ్ఞ తీసేసింది. మూడూ ముప్పై ఐదుకు పది లారీలూ మిల్లు దగ్గర బియ్యం ఎత్తుకుని బయల్దేరాయి. పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది. సదయ్య వేళ్ళ మీద లెక్క కట్టాడు. నాలుగు సార్లు పోవాలి, మూడు సార్లు రావాలి, పావు తక్కువ ఐదుకు పని అయిపోతుంది. ఆయన స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకుని మంచం మీద కూర్చున్నాడు. గరిటెతో ఒక దెబ్బ కొడితే ఆగు, రెండు కొడితే కదులు. హాలేజ్‌లో గంట కొట్టినట్టే కొడుతున్నాడు, ఆయన రెండు దెబ్బలకు ఆమె పది లారీలను వదులుతోంది. ఆ చప్పుడుకు వరుసలో క్వార్టర్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. "ఎవల పెండ్లే కనకవ్వ?" అంటూ ఎల్లన్న తన కుర్చీ తనే తెచ్చుకుని కూర్చున్నాడు. పక్క ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ళకు కిటికీలు అదిరితే ఒక్కరూ తలెత్తలేదు.

రెండు విడతలు సాఫీగా పోయాయి. మూడో విడత కూడా చేరింది. మూడోసారి తిరిగొచ్చిన లారీలను సదయ్య గనిలో టబ్బులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి, గరిటెతో ఒకే దెబ్బ కొట్టాడు.

"తొమ్మిదే ఉన్నయి. పదోది ఏది?"

కనకవ్వ తల వంచుకుంది. పది లారీలు మూడోసారి కూడా ఉత్తగా రావడం ఆమె చూడలేకపోయింది. ఒక్కదానికి, ఒకే ఒక్కదానికి, ఎవరూ చూడకుండా పాత ఆజ్ఞ పెట్టేసింది. ఆ వేళకు ఎక్కించే సరుకు దొరక్క, అది నిండే దాకా కదలనని రేవులో నిలబడి ఉంది.

"ఒక్కటే గద అనుకున్న," అంది.

ఆయన గరిటె ఎత్తి రెండు దెబ్బలు కొట్టాడు. ఆమె ఆజ్ఞ తీసేసింది. తొమ్మిది లారీలు బియ్యంతో అటు పోతుంటే పదోది దారిలో వాటికి ఎదురుగా ఖాళీగా వచ్చింది. మిల్లు దగ్గర బియ్యం ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి నాలుగూ నలభై ఏడు. ఎల్లన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గోడవతల జహీరా దువా చదువుతోంది.

నాలుగూ యాభై ఏడుకు లారీ రేవులోకి చేరింది.

కనకవ్వ ఎగిరింది. నిజంగానే, ఆ వయసులో, రెండు కాళ్ళ మీదా ఎగిరింది. గోడ మీదుగా జహీరాను పట్టుకుంది, ఎల్లన్న చేతిలో గరిటె పెట్టింది, మళ్ళీ లాక్కుంది. ఇంత సంతోషం ఆమెకు తన పెళ్ళిలో కూడా లేదు, పెళ్ళిలో భయమేసింది. నేల మీద కాళ్ళు ఆనడం లేదు. ఆ ఊపులో తెర మీద వచ్చిన చీటీని ఎవరూ చూడలేదు. చూసింది జహీరా.

"అక్క, ఆగు. పెద్ద కంపెనీకి మేనేజర్ పేరు పెట్టాల్నట. ఐదింటికి ముందే. లేకుంటె ఒప్పందం పూర్తి గాదంట."

రెండు నిమిషాలు ఉన్నాయి. కనకవ్వకు టైపు రాదు, ఏదైనా మైకు గుర్తు నొక్కి ఫోనుకు చెబుతుంది, అదే రాసుకుంటుంది. మంచం వైపు చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు ఆయన. మైకు నొక్కి, "సంతోషి నాయిన" అంది. ఇన్నేళ్ళూ ఆయన్ను ఆమె పిలిచింది అట్లాగే. మొగుడి పేరు ఆడది నోట అనకూడదు.

ఫోను రాసింది. ఆమె చూసింది. బోర్డు మీద మొదట కనిపించేది సంతోషి పేరు. ఉద్యోగం బిడ్డదే అయింది, క్వార్టర్ బిడ్డదే అయింది, ఇప్పుడు ఇక్కడ కూడానా? చెరిపేసింది.

"ఫోనియ్యి అక్క, నేను కొడ్త," అని జహీరా చెయ్యి చాపింది.

కనకవ్వ ఇవ్వలేదు. ఫోను పెదవుల దగ్గరగా పెట్టుకుని ఏదో గొణిగింది. ఫోనుకు ఏమీ వినిపించలేదు. "మళ్ళీ చెప్పండి" అని అడిగింది. వాకిలి నిండా జనం. నాలుగూ యాభై తొమ్మిది. ఆమె మొహం ఎర్రబడింది, కళ్ళు మూసుకుంది, నల్లా దగ్గరికి కూడా వినబడేంత గట్టిగా అనేసింది.

"సదయ్య."

ఈసారి ఫోను రాసుకుంది. ముప్పై ఆరేళ్ళు మస్టర్‌లో హాజరుకు పేరు పిలిస్తే పలికిన మనిషి, నడుము సంగతి మరిచి మంచం మీంచి లేచి నిలబడి, "ఉన్న" అన్నాడు.