కొలబద్ద కలిపిన పది గజాలు

ఆ గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ల బ్యాగులు మోసే క్యాడీలందరిలోకీ పెద్దవాడికి అసలు పేరంటూ ఒకటి ఉండేది గానీ, హాజరుపట్టీలో తప్ప దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. అందరికీ అతను కొలబద్ద. బంతి పక్కన నిలబడి దూరాన ఉన్న జెండా వైపు ఒక్కసారి చూసి, "నూట నలభై రెండు గజాలండీ" అనేవాడు. నమ్మనివాళ్లు టేపు పెట్టి కొలిచి మూతి ముడుచుకుని వచ్చేవారు. "నా కళ్లు అబద్ధం చెప్పవండీ, చెబితే గిబితే నోరే చెప్పాలి" అని నవ్వేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి.

దేవుడికి ఎవర్ని ఎక్కడ కొట్టాలో బాగా తెలుసు. పాడేవాడికి గొంతు మీద కొడతాడు, కొలబద్దకి కళ్ల మీద కొట్టాడు. కంటి డాక్టరు లైటు వేసి చూసి, నరం ఎండిపోతోందన్నాడు. దగ్గరివి కళ్లద్దాలతో కనిపిస్తాయి, దూరానివి మసకబారతాయి, పోయిన చూపు మాత్రం తిరిగిరాదని చెప్పాడు. కొలబద్ద ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ సంగతి కూతురికి ఒక్కదానికే తెలుసు. క్లబ్బులో తెలిసిందంటే మర్నాడే భుజం మీది బ్యాగు దిగిపోతుంది.

బ్యాగు దిగడమంటే పని పోవడం ఒక్కటే కాదు. ఇరవై రెండేళ్లుగా అతను మోస్తున్నది రిటైరైన జడ్జిగారి బ్యాగు. నాలుగేళ్ల క్రితం ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. తిరిగొచ్చాక ఏ కర్ర పట్టినా బంతి పది గజాలు ముందే చతికిలబడేది. "ఇక మనవల్ల కాదోయ్, మానేద్దాం" అనేవారు జడ్జిగారు. నెల రోజులు ఆ మొహం చూడలేక చూశాడు కొలబద్ద. తర్వాతి రోజు నుంచి నూట ముప్పైని నూట నలభై అని చెప్పడం మొదలుపెట్టాడు. నూట నలభైకి జడ్జిగారు ఇంకాస్త దూరం పంపే కర్ర తీసేవారు, బంతి వెళ్లి సరిగ్గా గ్రీన్ మీద, అంటే గుంటా జెండా ఉండే నున్నటి పచ్చిక మీద, కూర్చునేది. "చూశావా, పాత చెయ్యే!" అని ఆయన మురిసిపోయేవారు. ఆ పది గజాల సంగతి కొలబద్ద ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇప్పుడు జెండాయే కనపడకపోతే ఇక దేనికి పది కలపాలి?

ప్రింటింగు షాపులో కంప్యూటర్ మీద పనిచేసే కూతురే దారి చూపించింది. "నాన్నా, చేతిలో పట్టుకునే జీపీఎస్‌లు వస్తున్నాయి. నువ్వు ఎక్కడ నిలబడితే అక్కడి నుంచి గ్రీన్‌కి ఎన్ని గజాలో అదే చెబుతుంది. జెండా రోజూ అటూ ఇటూ మారినా గ్రీన్ మధ్య మారదు కదా."

ఇద్దరూ కలిసి షాపుకి వెళ్లారు. షాపువాడు ముందు అద్దంలా మెరిసే యంత్రం ఒకటి తీసి, లోకంలో ఉన్న మైదానాలన్నీ ఇందులో ఉన్నాయన్నాడు. కూతురు వెతికింది. లోకంలో ఉన్నవన్నీ ఉన్నాయి గానీ, తొమ్మిది గుంటల ఈ చిన్న మైదానం మాత్రం లేదు. "మా మ్యాప్ మేం చేసుకుని ఎక్కించుకోవచ్చా?" అని అడిగింది. కుదరదన్నాడు. అప్పుడు అడుగు అరలోంచి ఎవరో వాడి వదిలేసిన ఇటుకంత యంత్రం బయటికి వచ్చింది. బొమ్మ లేదు, రంగు లేదు. కానీ అంకెలు బొటనవేలంత ఉన్నాయి, బటన్లు తడిమితే వేలికి తెలుస్తున్నాయి, సొంత మ్యాప్ ఎక్కించుకోవచ్చు కూడా. కొలబద్ద దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అంకెలు చదివాడు.

"పాతదే అనుకోండి. అయినా గుడ్డికన్నా మెల్ల మేలు కదండీ!" అన్నాడు షాపువాడు హుషారుగా.

కూతురు తల దించుకుంది. కొలబద్ద మాత్రం షాపువాడికంటే గట్టిగా నవ్వాడు.

యంత్రం కొంటే సరిపోలేదు. మ్యాప్ గీసే కొత్త సాఫ్ట్‌వేర్ దీన్ని గుర్తే పట్టనంది. మాటల్లేని తోడికోడళ్లలా రెండూ ఒకే బల్ల మీద ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. కూతురు వారం రోజులు తలబద్దలు కొట్టుకుని, ఆ యంత్రం పుట్టిన కాలం నాటి సాఫ్ట్‌వేర్ ఎక్కడో సంపాదించి, షాపులో మూలన పడున్న పాత కంప్యూటర్‌లో ఎక్కించింది. అప్పటికి గానీ రెండింటికీ మాటలు కలవలేదు.

ఇక మిగిలింది ప్రతి గ్రీన్ మధ్యా నిలబడి బటన్ నొక్కడం. ఆటగాళ్లు రాకముందే, తెల్లవారుతూనే తండ్రీకూతుళ్లు మైదానంలో దిగారు. గడ్డి తడికి ఇద్దరి చెప్పులూ నానిపోయాయి. మొదటి గ్రీన్ మధ్యకి వచ్చి కూతురు ఆగింది. కొలబద్ద ఆగలేదు. ఇంకా ముందుకి, గజానికో అడుగు చొప్పున పది పెద్ద అడుగులు లెక్కపెట్టి, అక్కడ నొక్కాడు.

"నాన్నా, మధ్య దాటిపోయావు!"

"తెలుసమ్మా." అప్పుడు చెప్పాడు కూతురికి, నాలుగేళ్లుగా కలుపుతున్న పది గజాల సంగతి. "ఆయన ఎప్పుడో వంగి ఇందులోకి చూస్తారు. నా నోరు ఒకటి చెప్పి, ఇది ఇంకొకటి చెబితే ఎలా?"

"అయితే యంత్రానికి కూడా అబద్ధం నేర్పుతున్నావన్నమాట."

"ఇది ఆయన కోసమే కదే తల్లీ. ఇంకెవరికి కావాలి దీంతో పని?"

తొమ్మిది గ్రీన్లలోనూ మధ్య నుంచి పది గజాలు దాటే నొక్కాడు.

అనుకున్నట్టే జడ్జిగారు మూడో రోజున వంగి చూశారు. యంత్రం నూట నలభై అంది, బంతి గ్రీన్ మీద పడింది. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. "నీ నోటికి యంత్రం సాక్ష్యం చెబుతోందోయ్!" అంటూ వరండాలో కనపడిన ప్రతివాడికీ చెప్పారు. అది క్లబ్బు సెక్రటరీ చెవిన పడింది. ఆ పాతరకం యంత్రాలే మరో డజను తెప్పించి, కొలబద్ద చేసిన మ్యాప్‌నే అన్నింట్లోనూ ఎక్కించి సభ్యుల చేతుల్లో పెట్టాడు. వద్దని ఏమని చెబుతాడు కొలబద్ద? మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండానే గొడవ మొదలైంది. అందరి బంతులూ గ్రీన్ దాటి పొదల్లోకి పోతున్నాయి. సెక్రటరీ మనిషిని పెట్టి టేపుతో కొలిపించాడు. ఆ సాయంత్రం వరండాలో అందరి ముందూ కొలబద్దని పిలిచాడు.

"తొమ్మిది గుంటల్లోనూ పదేసి గజాలు తప్పేనయ్యా! ఏం మ్యాప్ ఇది? ఇన్నేళ్లూ మాకు చెప్పినవి కూడా ఇలాంటి లెక్కలేనా?"

పేము కుర్చీలో జడ్జిగారు కూర్చుని ఉన్నారు, చేతిలో కప్పు ఆగిపోయింది. కొలబద్దకి ఆయన మొహం కనపడలేదు, తెల్లచొక్కా మాత్రం తెలుస్తోంది. నిజం చెబితే ఆ తెల్లచొక్కా పరువు పోతుంది. ఊరుకుంటే ముప్పై ఎనిమిదేళ్ల మాట పోతుంది. మరో దారి ఒక్కటే ఉంది.

"నాకు కళ్లు కనపడవండీ," అన్నాడు. "ఏడాదిన్నర అయింది. ఎక్కడ నిలబడ్డానో తెలీక నొక్కేశాను."

సెక్రటరీ చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి, "ముందే చెప్పొచ్చు కదయ్యా," అన్నాడు. రేపటి నుంచి రావక్కర్లేదని కూడా అంతే మెల్లగా చెప్పాడు.

కొలబద్ద బ్యాగులుండే గదికి వెళ్లి జడ్జిగారి కర్రలు తుడుస్తుంటే, వెనకే అడుగుల చప్పుడైంది.

"కళ్లు కనపడనివాడు చేసే తప్పు ఒకచోట మూడు గజాలుంటుంది, ఇంకోచోట ఇరవై ఉంటుంది," అన్నారు జడ్జిగారు. "తొమ్మిది చోట్లా సరిగ్గా పదే ఎలా వచ్చిందోయ్?"

కొలబద్ద తుడుస్తూనే ఉన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆపరేషన్ తర్వాత నుంచండీ."

"కళ్ల సంగతి?"

"అది నిజమేనండీ."

జడ్జిగారు తుడిచిన కర్ర ఒకటి తీసి చూసి బ్యాగులో పెట్టారు. తర్వాత, "బ్యాగు తియ్యి. ఏడో గుంటకి పద," అన్నారు.

ఏడో గ్రీన్ ముందు చిన్న చెరువు ఉంది. పొద్దు వాలుతోంది, ఎండ సూటిగా మొహం మీద కొడుతోంది. యంత్రంలో నూట నలభై ఉంది.

"ఇప్పుడు నిజం చెప్పు."

"నూట ముప్పై అండీ."

"నూట ముప్పైకి ఎప్పుడూ ఏడో నంబరు కర్రే నాది. ఇటివ్వు."

ఇంకాస్త దూరం పంపే ఆరో నంబరు తీసుకోండి బాబూ అని గొంతు దాకా వచ్చింది. కొలబద్ద ఏడో నంబరే తీసి ఇచ్చాడు. దెబ్బ బాగానే తగిలింది, ఆ చప్పుడు అతనికి తెలుసు. బంతి గాల్లోకి లేచింది. కొలబద్ద ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు. చాలా దూరాన, చిన్నగా, నీళ్ల చప్పుడైంది.

"ఎండలో నాకు కనపడలేదోయ్," అన్నారు జడ్జిగారు. "ఎక్కడ పడింది?"

గ్రీన్ అంచున పడిందండీ అనడానికి నాలుక సిద్ధంగానే ఉంది. దానికి అలవాటైన పనే అది.

"నీళ్లలో పడిందండీ," అన్నాడు కొలబద్ద. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

జడ్జిగారు కర్ర తిరిగిచ్చేశారు. దాన్ని తువ్వాలుతో తుడిచి బ్యాగులో పెట్టి, పట్టీ బిగించాడు. రేపటి నుంచి ఆయన కూడా రారని ఇద్దరికీ తెలుసు. వెనక్కి నడుస్తుంటే వరండా దగ్గర జడ్జిగారు ఆగి, అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇక్కడ మెట్టుంది, చూసుకో."

ఆ మెట్టు అతని కాలికి ముప్పై ఎనిమిదేళ్లుగా తెలుసు. "అలాగేనండీ," అని, తడుముకుంటున్నట్టు నెమ్మదిగా కాలు పైకెత్తాడు.