మా అప్ప పాస్‌పోర్టు

జాగ్రత్త అనే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. చీపురుపల్లి నుంచి విజయనగరం వెళ్లాలన్నా గొడుగు, మాత్రలు, రెండో కళ్లజోడు సర్దుకునే మనిషిని. అలాంటివాణ్ని అప్పనీ బావనీ వెంటబెట్టుకుని బ్యాంకాక్ వెళ్తున్నానంటే మా బడిలో తోటి మాస్టార్లు నమ్మలేదు. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ ఆవిడ భర్త, ఆయనా నేనూ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. అప్పకి ఒక్కసారి విమానం ఎక్కాలని ఉండేది. ఎక్కడికని అడిగితే, ఎక్కడికైనా సరే అనేది. విశాఖ నుంచి బ్యాంకాక్‌కి మూడు గంటలు పట్టదు. రైల్లో విజయవాడ చేరడానికి పట్టే సమయంలో అది సగం కూడా కాదు.

నేను హైస్కూలు చదివింది గరివిడి దగ్గర అప్ప వాళ్లింట్లో ఉండే. బావ వరి, గోగు పండించేవాడు. గోగునార బండికెత్తి నెల్లిమర్ల మిల్లుకి తోలుకెళ్లేవాడు. వాన పడితే నన్ను సైకిలు మీద బడి దాకా దింపి, తను తడుస్తూ పొలానికి పోయేవాడు. అంత చేసిన మనిషి మీద, నాకు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ నేను పెత్తనం చేస్తూనే ఉన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

బయల్దేరడానికి నెలరోజుల ముందు నుంచీ వాళ్ల వీధరుగు మీద కూర్చుని పాఠాలు చెప్పాను. గుడి ఇవాళ మూసేశారు, ఇంకో చోటు చూపిస్తాను రమ్మని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి తప్పుకోవాలి. హోటలు కార్డు ముగ్గురి దగ్గరా ఉండాలి. కుళాయి నీళ్లు తాగకూడదు. ఎవరైనా తప్పిపోతే ఉన్నచోటే నిలబడాలి. అన్నిటికన్నా ముఖ్యం పాస్‌పోర్టు. హోటలు గదిలో ఇనప్పెట్టె ఉంటుంది గాని దాని అంకెలు మర్చిపోతే మన గతేమిటి? సంచిలో పెడితే సంచి కోసేస్తారు. కాబట్టి అది ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. బావ అన్నిటికీ తలూపాడు. అప్ప మధ్యలో లేచి వెళ్లి పొయ్యి మీద పప్పు చూసుకుని వచ్చేది.

విమానాశ్రయంలో మూడు పాస్‌పోర్టులూ నేనే పట్టుకున్నాను. కౌంటరు దగ్గర ముగ్గురివీ ఒకేసారి అందించి, ముగ్గురి తరఫునా నేనే మాట్లాడాను. బ్యాంకాక్‌లో దిగాక మాత్రం ముగ్గురివీ ఒకరి దగ్గరే ఉండడం ప్రమాదమని ఎక్కడో చదివింది గుర్తొచ్చి, అప్పదీ బావదీ కలిపి బావ చేతికిచ్చాను.

మూడో రోజు అయుత్తయ వెళ్లాం. మన అయోధ్య పేరే పెట్టుకున్న పాత రాజధాని అది. పొద్దున్న మామూలు రైలు, తెరిచిన కిటికీలు, చెక్క బల్లలు. అప్పకి ఆ రైలు విమానం కన్నా ఎక్కువ నచ్చింది. పాడుబడిన ఇటుక గోపురాలన్నీ తిరిగి చూశాక బావ, ఇది స్తూపాలున్న మన శాలిహుండం కొండలాగే ఉంది, అక్కడికైతే మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేద్దుం అన్నాడు. ఎండకి నాకు చిరాగ్గా ఉంది గాని నవ్వొచ్చింది.

సాయంత్రం స్టేషనుకి వచ్చేసరికి ప్లాట్‌ఫారం నిండా కాలేజీ పిల్లలు. రైలు ఇంకా ఆగనే లేదు, బావ మెడలోని తువ్వాలు తీసి కిటికీలోంచి ఓ బల్ల మీదకి విసిరేశాడు. మా వైపు పాసింజర్ రైళ్లు ఎక్కినవాళ్లకి దీని సంగతి చెప్పక్కర్లేదు. తువ్వాలు పడిన సీటు రిజిస్ట్రీ అయిన భూమితో సమానం. ఎంత రద్దీ ఉన్నా దాన్ని తీసి ఎవరూ కూర్చోరు. కూర్చుంటే ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ చెయ్యాల్సినంత గొడవవుతుంది.

బావ తలుపు వైపు పరిగెత్తాడు. అప్ప మెట్టు మీద కాలు పెట్టబోయింది. అప్పుడు నాలోని జాగ్రత్త నిద్రలేచింది. రైలు పెట్టె మీద రాసిన అంకె, నా టికెట్టు మీద రైలు అంకె ఒకటి కాదు. నేను అప్ప చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, బావ చొక్కా కూడా పట్టుకున్నాను. ఇది మన రైలు కాదు, ఎక్కొద్దని అరిచాను. రైలు కదిలిపోయింది.

బావ కాసేపు ఆ రైలు వెనకభాగం వైపే చూస్తూ నిలబడ్డాడు. బ్యాంకాక్‌లో కొత్త తువ్వాలు కొంటాను పద అన్నాను. 

"తువ్వాలు కాదు బావా," అన్నాడు బావ మెల్లిగా. "దాని కొసన మీ అప్ప పాసుపోర్టు ముడేసేను."

మర్నాడు సాయంత్రమే మా తిరుగు విమానం. పాస్‌పోర్టు లేకపోతే అప్పని ఎక్కనివ్వరు. పోలీసు కాగితం, ఎంబసీ, వేరే పత్రం వచ్చేదాకా ఎన్నాళ్లో. తన పాస్‌పోర్టు మాత్రం బావ చొక్కా జేబులో భద్రంగా ఉంది. అప్పది అంతకన్నా భద్రంగా ఉండాలని తువ్వాలు కొసన కట్టాడట. నా చిన్నప్పటి నుంచీ ముఖ్యమైనది ఏదైనా ఆయన అక్కడే కట్టుకుంటాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నోరు జారాను.

"ఎడ్లని కాసుకోడానికి తప్ప దేనికి పనికొస్తావు బావా నువ్వు?"

అప్ప ముందు అన్నాను. ఆ మాట అన్న నోటితోనే పదేళ్ల వయసు నుంచి వాళ్లింటి అన్నం తిన్నాను. అప్ప నా వైపు ఒకసారి చూసి, బల్ల మీద కూర్చుని సంచిలోంచి చేగోడీల డబ్బా తీసింది.

స్టేషను మాస్టరుకి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. పొద్దున్న గోపురం ముందు తీసిన బావ ఫొటో ఫోన్లో చూపించి, మెడలోని తువ్వాలు మీద వేలు పెట్టి, వెళ్లిపోయిన రైలు వైపు చెయ్యి చూపించాను. ఆయనకి అర్థమైంది. టికెట్టు చూసి ఇంకో మాట కూడా చెప్పాడు. వెళ్లిపోయింది మా రైలేనట. పెట్టె మీద ఉండేది ఆ పెట్టె అంకె, రైలు అంకె కాదు. మన దేశంలోనూ అంతే. ఆ సంగతి తెలియనివాణ్నేమీ కాదు. సిగ్గుతో ఆ మాట మిగతా ఇద్దరికీ వెంటనే చెప్పలేకపోయాను.

ఆయన ముందు స్టేషన్లకి ఫోన్లు చేస్తుంటే నేను కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాను. బావ నా దగ్గరికొచ్చి, దొరక్కపోతే నువ్వు ఎలిపో, నానూ మీ అప్పా ఎన్నాళ్లయినా ఉంటాం, నీకు బడి ఉన్నాది కదా అన్నాడు. ఎడ్ల మాట గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకనిపించింది.

ముప్పావుగంటకి కబురొచ్చింది. దారిలో ఒక స్టేషనులో రైలు గార్డు తువ్వాలు అప్పగించాడు. రైలంతా పిల్లలు నిలబడే ఉన్నా, ఆ సీటు మాత్రం ఖాళీగా ఉందట. ఎవరిదోలే, వస్తారులే అనుకున్నారట. మా వైపు చట్టం అక్కడ కూడా చెల్లిందన్నమాట.

తరవాతి రైల్లో ఆ స్టేషనుకి వెళ్తూ, బావ పక్కన కూర్చుని, రైలు అంకె సంగతి ఒప్పుకుని, తప్పయిపోయింది బావా అన్నాను. ఆయన కిటికీలోంచి వరి మళ్లు చూస్తున్నాడు.

"ఎడ్లని కాయడం అంత సులువనుకుంటన్నావేటి?" అన్నాడు. "నీ వల్ల అవదు."

ఆ మాటతో నా గుండెల మీది బరువు దిగింది. 

ఆ స్టేషను గదిలో ఉద్యోగిని తువ్వాలు బల్ల మీద పెట్టింది. ముడి అలాగే ఉంది. విప్పి చూపించమంది. బావ విప్పబోతే అది ఇంకా బిగుసుకుంది. పొగరుబోతు గిత్తకి ముకుతాడు వేసిన చేతులకి లొంగలేదు. నేనే విప్పాను. ఆవిడ పాస్‌పోర్టు తెరిచి, ఫొటో చూసి, అప్ప ముఖం చూసి, నవ్వి ఇచ్చేసింది. 

నేను దాన్ని బావకి అందించాను. నువ్వే ఉంచు బావా, నా కాడొద్దు అన్నాడు. కాదు నువ్వే ఉంచాలన్నాను. ఆయన నా వైపు తోస్తే నేను ఆయన వైపు తోశాను. అప్ప మా ఇద్దరి మధ్యా చెయ్యి చాపింది.

"ఇలాగ తెండి."

తీసుకుని తెరిచింది. చాలాసేపు చూసింది. "దీని కోసరమని పోలీసోడొచ్చి నా పేరు అడిగేడు. పుస్తకం వొచ్చిన్నాడు మీ బావ బీరువాలో ఎట్టి తాళమేసేడు. ఇమానం కాడ నువ్వట్టుకున్నావు. నాను దీన్ని సూడ్డం ఇదే మొదలు," అంది. "ఇద్దరూ కాపలా కాసి కాసి పోగొట్టేరు. నా ఊరు నానెళ్లే కాయితం నా కాడుండొద్దేటి?"

కోపంగా అనలేదు. నెలరోజులు నేను చెప్పిన పాఠాల్లో ఎవరి వస్తువు వాళ్ల దగ్గర ఉండాలనే ఒక్క మాట లేదు. అప్ప దాన్ని రొంటిన దోపుకుని, చీర సర్దుకుని, మా కన్నా ముందు గదిలోంచి బయటికి నడిచింది. 

మర్నాడు విమానాశ్రయంలో ఇద్దరి పాస్‌పోర్టులూ ఇవ్వమని నేను అలవాటుగా చెయ్యి చాపాను. అప్ప నా చెయ్యి దాటుకుని వెళ్లి వరసలో ఒంటరిగా నిలబడింది. కౌంటరులో కుర్రాడు ఏదో అడిగాడు. అప్ప తెలుగులో ఏదో చెప్పింది. నేను కౌంటరు ముందున్న గీత దాటబోతే బావ నా చొక్కా పట్టుకుని ఆపాడు. ముద్ర పడిన చప్పుడు మాకు వినిపించింది. మా వంతు వచ్చేదాకా మేమిద్దరం ఇవతలే నిలబడ్డాం. అవతల కుర్చీలో కూర్చుని, మా వైపు చూడకుండా, అప్ప తన ఫొటో చూసుకుంటోంది.