తీసేయాల్సిన ఆరు చిరునామాలు

మొన్న వేసవిలో ఒక సోమవారం పొద్దున, టైపు చేసిన పేజీలు పంపుదామని కూర్చుంటే వెబ్‌సైటు తెరుచుకోలేదు. నా బ్రౌజర్ మరీ పాతదైపోయిందనీ, కొత్తది వేసుకుంటే తప్ప లోపలికి రానివ్వమనీ తెర మీద రెండు ముక్కలు కనిపించాయి. సంతోష్‌నగర్‌లో ఒక మేడ మీద, రెండు గదుల వాటాలో నేనొక్కదాన్నే ఉంటాను. ఒక గ్రంథాలయం వాళ్లు పంపే పాత తెలుగు పుస్తకాలను ఇంట్లో కూర్చుని టైపు చేసి పంపడం నా పని. పంపేవాళ్లను గానీ అందుకునేవాళ్లను గానీ ఇంతవరకూ చూడలేదు. కింది వాటా ఆవిడతో మాట్లాడతాను. అదీ మోటారు వేశారా, నీళ్లొస్తున్నాయా అన్నంతవరకే.

నా కంప్యూటర్‌ను నడిపేది విండోస్ కాదు, లినక్స్. బ్రౌజర్ కొత్తది కావాలంటే సిస్టమ్ మొత్తాన్నీ కొత్త వెర్షన్‌కు మార్చాలి. మార్చబోతే అది ముందుకు కదల్లేదు. బయటి రెపాజిటరీలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తేల్చి రమ్మంది.

లినక్స్‌లో కావలసిన ప్రోగ్రాములన్నీ దాదాపుగా ఒకే పెద్ద గోదాము నుంచి వస్తాయి. అందులో దొరకనివాటిని బయట ఎవరెవరో నడిపే చిన్న గోదాముల నుంచి తెచ్చుకోవచ్చు. వాటినే రెపాజిటరీలంటారు. ఒకసారి ఒకదాని చిరునామా కంప్యూటర్‌లో రాసి పెడితే, మనం మరిచిపోయినా అది మరవదు. అప్‌డేట్ నడిపిన ప్రతిసారీ ఆ గడప దాకా వెళ్లి తలుపు తట్టి వస్తుంది. నా కంప్యూటర్‌లో అలాంటి చిరునామాలు ఆరున్నాయి. అప్‌డేట్ నడిపితే నాలుగింటి దగ్గర ఎర్ర అక్షరాలు వచ్చాయి. అక్కడ ఇప్పుడేమీ లేదు. ఎన్నేళ్లుగా లేదో నాకు తెలియదు. అప్‌డేట్ చివర వచ్చే ఆ వరుసలను నేనెప్పుడూ చదవలేదు.

ఆరింటిలో ఐదు నేను రాసినవి కావు. సంతోష్‌నగర్ చౌరస్తా దగ్గర ఒక టైపింగ్ సెంటర్‌లో పదకొండేళ్లు పనిచేశాను. అక్కడ నా పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ రాసినవి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, తను చెల్లె అనేది. వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయారు. తను పెళ్లి చేసుకోలేదు. యాకుత్‌పురా స్టేషను వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లి, మధ్యాహ్నం ఎక్కడో ఉచితంగా చెబుతారంటే వెళ్లి లినక్స్ నేర్చుకుంది. సెంటర్‌లో కంప్యూటర్లకు నెలకోసారి వైరస్ పట్టి పని ఆగిపోయేది. అన్నిటికీ తనే లినక్స్ ఎక్కించి, ఆ తర్వాత మా ఇంటికొచ్చి నా పాత డబ్బాకూ ఎక్కించింది. ఆ రోజు మా ఇంట్లో పప్పుచారు తిని, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ వెళ్లింది.

ముందు ఉర్దూ అక్షరాల ఫాంటు కోసం రాసిన చిరునామా తీశాను. పెళ్లికార్డుల సీజన్‌లో ఉర్దూ కార్డులు మాకు మస్తుగా వచ్చేవి. పెద్ద గోదాములో ఉన్న ఫాంటు నిలువుగా, ఎముకలు లెక్కపెట్టేలా ఉండేది. పెళ్లివారు చూసి ముఖం చిట్లించేవారు. అక్క ఎక్కడో వెతికి వాలుగా జారే ఫాంటు తెచ్చింది. నాకు ఉర్దూ చదవడం రాదు. అయినా ఆ అక్షరాలు తెర మీద జారుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ ఫాంటు పెద్ద గోదాములోనే ఉంది.

తీయడం కష్టమేమీ కాదు. ఆ చిరునామా నుంచి మన కంప్యూటర్‌లోకి ఏమేం వచ్చాయో ముందు చూసుకోవాలి. అక్కర్లేనివి తీసేయాలి. అక్కరున్నవాటికి బదులు పెద్ద గోదాములోని వాటిని వేసుకోవాలి. ఆ తర్వాత చిరునామా ఉన్న ఫైలునూ, ఆ గోదాము నమ్మదగినదని గుర్తుగా పెట్టిన కీనీ చెరిపేయాలి. చేసేది అంతే గానీ, చేస్తుంటే ఒక్కోదాని దగ్గరా చేయి ఆగింది. రేడియో వినే ప్రోగ్రాము ఒకటుంది. నేను దాన్ని తెరిచి ఐదారేళ్లయింది. పని చేస్తూ ఇద్దరం వినడానికని పెట్టింది తను. రోజూ తెర మీద బొమ్మ మార్చే ప్రోగ్రాము ఒకటి, నా పుట్టినరోజుకు వేసింది. ఇంకొకటి ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లను అందరికంటే ముందు తెచ్చుకోవడానికి. వీడియోలో మాట్లాడుకునే ప్రోగ్రాముకు మాత్రం చిరునామా నేనే రాశాను. లాక్‌డౌన్‌లో ఏదో పేజీ చూసి ఒక్కో అక్షరం కొట్టుకుంటూ వేసుకున్నాను. దాంట్లో ఒకే ఒక్కసారి, పిన్ని కూతురి పెళ్లి చూశాను. నా మైకు పనిచేయలేదు. అక్షింతలు వేసేటప్పుడు అందరూ నా పేరు పిలిచారు. నేను చేయి ఊపాను.

మధ్యాహ్నానికి ఐదు పోయాయి. ఆరోది అక్క సొంతంగా పెట్టిన గోదాము. అందులో ఉన్నది ఒకే ఒక్క ప్రోగ్రాము, ఒక కీబోర్డు.

సెంటర్ షట్టర్ దించుతుంటే ఒకసారి నా కుడిచేతి చిటికెన వేలు దాని కింద పడింది. ఎముక అతుక్కుంది గానీ వేలు మళ్లీ వంగలేదు. మేం కొట్టే తెలుగు కీబోర్డులో చ, ట, జ, డ, య ఆ వేలి కిందే ఉంటాయి. ఆ ఐదూ లేకుండా తెలుగులో ఒక వాక్యం కొట్టడం ఎంత కష్టమో నాకు తెలిసివచ్చింది. నెల రోజులు పక్క వేలిని సాగదీసి కొట్టాను. స్పీడు సగానికి పడిపోయింది. అక్క నా చేతిని గమనిస్తున్నట్టు కూడా తెలియనివ్వలేదు. ఒక శనివారం వచ్చి, కుడి బొటనవేలితో ఆల్ట్ నొక్కిపెట్టి త కొట్టి చూడమంది. ట పడింది. ద కొడితే డ, గ కొడితే జ, స కొడితే చ, ర కొడితే య. అప్పటి నుంచి నేను టైపు చేసిన ప్రతి పేజీ ఆ కీబోర్డు మీదే. సెంటర్ మూసేసే ముందు దాన్ని తన గోదాములో పెట్టి, ఆ చిరునామానూ నా కంప్యూటర్‌లో రాసింది.

ఆ చిరునామా ఇంకా పలుకుతోంది గానీ, అందులో ఉన్నది పాత వెర్షన్‌కు చేసినది. కొత్త సిస్టమ్‌కు పనికి రాదు. సిస్టమ్ మార్చితే కీబోర్డు పోతుంది, మార్చకపోతే పని పోతుంది. అడగాలంటే తననే అడగాలి. తనతో నేను మాట్లాడి ఆరేళ్లు దాటింది.

టైపింగ్ సెంటర్ మూసేస్తారని తెలిసిన రోజుల్లో, ఊరికి ఆ చివర ఒక ప్రచురణ ఆఫీసులో ఇద్దరికి చోటుందని అక్క కనుక్కొచ్చింది. టైపింగ్ పరీక్ష పెడతారంది. ఇద్దరం పోదామంది. వస్తానన్నాను. ఆ రోజు చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, తాళం చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. వెళ్లలేదు. ఫోన్ ఎత్తలేదు. తను ఆ ఆఫీసు గేటు దగ్గర గంటన్నర నిలబడి, ఆ తర్వాత ఒక్కతే లోపలికి వెళ్లింది. సాయంత్రం ఫోన్ ఎత్తితే అది చెప్పి ఒక మాట అంది. నువ్వు ఎవ్వరి కోసం రావు చెల్లె, నీ కుర్చీ దాటి రావు అని. తనకు ఉద్యోగం వచ్చింది. మళ్లీ నాకు ఫోన్ చేయలేదు. తప్పు నాది కాబట్టి నేనే చేయాలి. రేపు చేద్దామనుకుంటూనే ఏళ్లు గడిచాయి.

ఆ సోమవారం ఆమె పాత నంబరుకు చేశాను. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. మర్నాడు ఆటో మాట్లాడుకుని యాకుత్‌పురా వెళ్లాను. తన గదికి కొత్త పరదా వేలాడుతోంది. ఇంటి ఓనరు ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

"గామె ఖాళీ చేసి పోయి రెండేండ్లు దాటింది బేటీ. నౌకరీ పోయింది గదా. నీకు చెప్పలేదా?"

చెప్పలేదని అన్నాను. ఆ ఆఫీసులో టైపింగ్ వాళ్లందరినీ ఒకే రోజు తీసేశారట. పేజీ చూపిస్తే మెషీనే చదువుకుని అక్షరాలు కొట్టేస్తోందట. అక్క కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి, ఎవరో చెబితే జహీరాబాద్ దగ్గర ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్‌గా వెళ్లిందట. ముసలావిడ గోడకు రాసి ఉన్న నంబర్లలో ఒకటి చూపించింది. ఇన్నేళ్లూ నేను ఆ ఆఫీసు ఏసీ గదుల్లో, పెద్ద తెర ముందు కూర్చున్న అక్కనే ఊహించుకుంటూ వచ్చాను. ఆమె బాగుంది, నేనే ఇక్కడ ఉండిపోయాను అనుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పోల్చుకుంది. బాగోగులు అడగాల్సింది పోయి నేను కీబోర్డు సంగతి మొదలుపెట్టాను. వేరే దేనితో మొదలుపెట్టాలో తోచలేదు.

"ఇంకా దాని మీదనే కొడుతున్నవా?" అంది. "నేను కంప్యూటర్ ముట్టి మూడేండ్లయితుంది చెల్లె. గీడ అంత రిజిస్టర్ల రాసుడే. గా గోదాము పాస్‌వర్డ్ గూడ యాదికి లేదు."

అయినా ఫోన్ పెట్టేయలేదు. ఒక్కో మాటా తడుముకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఫోల్డర్ తెరవాలి, అందులో ఏ ఫోల్డర్. ఒకచోట తప్పు చెప్పి, కాదు కాదు అని వెనక్కి వచ్చింది. చివరికి చిన్న ఫైలు ఒకటి దొరికింది. తెరిస్తే నలభై వరుసలు కూడా లేవు. కీబోర్డంతా అందులోనే ఉంది. దాన్ని నా సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోమంది. ఆ తర్వాత గోదాము చిరునామా నిశ్చింతగా తీసేయమంది. సిస్టమ్ మార్చాక ఆ ఫైలును మళ్లీ పాత చోట పెడితే సరిపోతుందంది. తను చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను.

ఇక ఫోన్ పెట్టేస్తుందేమోనన్న భయంతో, ఆ రోజు ఎందుకు రాలేదో చెప్పేశాను. పరాయివాళ్ల ముందు పరీక్ష పెడతారంటే, అక్కడ మామూలు కీబోర్డు మీద ఈ వేలు పెట్టుకుని ఎలా కొట్టాలా అని భయమేసిందని చెప్పాను. ఎవ్వరి కోసం రావన్న నీ మాట ఇప్పటికీ మర్చిపోలేదని కూడా చెప్పాను.

అటువైపు పిల్లలెవరో పిలిచారు. వస్తున్న ఆగున్రి అని వాళ్లకు చెప్పి, మళ్లీ నాతో అంది.

"నేను గట్ల అన్ననా? నాకు యాదికి లేదు. గేటు కాడ నిలబడ్డది మాత్రం యాదుంది. నీ పరీక్షకనే గదనే గా కీబోర్డును నెట్ల పెట్టింది. ఏడ కూసున్నా, ఏ కంప్యూటరైనా, రెండు నిమిషాల్ల ఎక్కియ్యచ్చని. గా ఆఫీసు సార్‌ను ముందే అడిగి పెట్టిన. పెన్ డ్రైవ్‌ల గూడ ఏస్కొని వచ్చిన, నెట్ లేకపోతే ఎట్ల అని."

ఆ సంగతి నీకు చెబుదామనే అక్కడ నిలబడ్డానంది. ఇప్పుడవన్నీ ఎందుకులే అంది. పిల్లల అన్నాల వేళైందని ఫోన్ పెట్టేసింది.

ఆరో చిరునామా ఆ మధ్యాహ్నమే తీసేశాను. సిస్టమ్ మారడానికి మూడు గంటలు పట్టింది. ఫైలును దాని చోట పెట్టి, ఆల్ట్ నొక్కి త కొడితే ట పడింది. అప్‌డేట్ నడిపాను. ఒక్క ఎర్ర అక్షరం లేదు, నాలుగు వరుసల్లో అయిపోయింది. పని అయిందని అక్కకు మెసేజ్ పెట్టాను. మర్నాడు మంచిది అని జవాబొచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం బస్సెక్కి జహీరాబాద్ వెళ్లాను. వస్తున్నానని ముందే చెప్పాను. వెళ్లేసరికి ఒక పిల్లకు జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్లిందన్నారు. రెండు గంటలు వరండాలో కూర్చున్నాను. వచ్చింది. జుట్టు సగం నెరిసింది, నడుములో చీర కొంగు దోపుకుని ఉంది. నన్ను చూసి నవ్వి, తిన్నావా అని అడిగింది. హాస్టల్ అన్నం పెట్టింది. బోరు చెడిపోయిన సంగతి, వంటమనిషి మానేసిన సంగతి, జ్వరం పిల్ల సంగతి చెప్పింది. ఆ పిల్ల ఒకటే ఏడుస్తోందని మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లింది. నేను అడగాలనుకున్నవి అడగలేదు. తనూ నన్నేమీ అడగలేదు. ఆఖరి బస్సు దొరకదని నాలుగింటికే లేచాను.

బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. సంచిలోంచి జామకాయ తీసి ఇస్తూ, చుట్టాలింటికి వచ్చావా బిడ్డా అని అడిగింది. కలిసి పనిచేసేవాళ్లం అన్నాను. ఆవిడ తలూపి, కొంగు తల మీదికి లాక్కుని, కిటికీకి ఆనుకుని నిద్రపోయింది.