బాగుంది, పోసెయ్

చేపల చెరువులున్న ఆ చుట్టుపక్కల, సొంత చెరువున్న ఒకతని అక్కను అందరూ ముక్కత్త అనేవారు. ముక్కు పెద్దదని కాదు, దాని పనితనం పెద్దది. చేపలకు రోగం రాకుండా నీళ్ళలో కలిపే మంచి బ్యాక్టీరియాను అక్కాతమ్ముళ్ళు రేకుల షెడ్డులో డ్రమ్ముల్లో పెంచేవారు. పొట్లంలో వచ్చే పొడిని తవుడూ బెల్లపు మడ్డీ కలిపిన నీళ్ళలో వేసి మూత పెడితే అది పులిసి పెరుగుతుంది. పెరిగింది మంచిదో, మధ్యలో దూరిన చెడ్డదో కంటికి ఆనదు. రెండింటికీ ఒకటే నురగ. తెలిసేది వాసనకే. అక్క మూత తీసి, అరచేత్తో గాలిని తనవైపు విసురుకుని, కళ్ళు మూసుకుని, "బాగుంది, పోసెయ్" అనేది. తమ్ముడు పోసేవాడు. వద్దంటే డ్రమ్ము బోర్లించడమే, రెండో మాట లేదు.

కొత్తగా చెరువు తవ్వినవాళ్ళు వచ్చి ఇదేం వైద్యమని అడిగితే ఆవిడకు భలే హుషారు. మంచివాళ్ళు ముందే వచ్చి కుర్చీలన్నీ పట్టేసుకుంటే, పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి వాళ్ళే పోతారు, ఇదీ అంతేనని చెప్పేది.

భర్త పోయి తమ్ముడింటికి చేరిన కొత్తలో ఆవిడ కంచం ముందు కూర్చోవడానికి కూడా మొహమాటపడేది. డ్రమ్ముల పని చేతికి వచ్చాకే ఆ ఇంట్లో ఆవిడ గొంతు లేచింది. మరదలితో సమానంగా వాదించేది, తమ్ముణ్ణి వెధవా అని తిట్టేది, కూర అడిగి మళ్ళీ వేయించుకునేది. అలా వేయించుకుంటుంటే అతనికి తన కడుపు నిండినట్టుండేది.

ఒక జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ఆవిడ ముక్కు పనితనాన్ని పట్టుకుపోయింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పొయ్యికి వీపు పెట్టి తీరిగ్గా కూరగాయలు తరుగుతున్న అక్కను చూసి అతనే తెలుసుకున్నాడు. గిన్నె దించి, పాలు పెట్టి మర్చిపోయింది తనేనని అబద్ధమాడాడు. అప్పుడే అడగవలసింది. అడిగితే షెడ్డు పని వదిలేసి మళ్ళీ ఏ మూలో ముడుచుకుని కూర్చుంటుందని భయపడ్డాడు. ప్రేమ కొద్దీ నోరు పెగల్లేదని జనం అంటారు. నన్నడిగితే అది పిరికితనమే, ప్రేమ చొక్కా తొడుక్కుందంతే.

అప్పటి నుంచి అతను తెల్లారగానే అక్క కంటే ముందు షెడ్డుకు వెళ్ళి మూతలు తీసి చూసేవాడు. పుల్లపుల్లగా, కాస్త తియ్యగా వాసన వస్తే మళ్ళీ మూసేసి ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేవాడు. కుళ్ళు కంపు తగిలితే ఒలకబోసి, కుళాయి వదులై కారిపోయిందనేవాడు. తర్వాత అక్క వచ్చి ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని బాగుందనేది. చేపలు నిక్షేపంలా ఉండేవి.

ఎండలు పోయి వానలు మొదలైన రోజుల్లో, చేపకు జబ్బు అంటుకునే సమయంలో, అతనికి జలుబు చేసింది. డ్రమ్ములో తల పెట్టి ఎంత ఎగబీల్చినా గోడను వాసన చూసినట్టే ఉంది. భార్య పుట్టింట్లో ఉంది. పనివాళ్ళలో ఎవరినైనా పిలిచి చూడమనవచ్చు. పిలిస్తే, ముక్కత్త ఉండగా ఇంకో ముక్కెందుకనే మాట సాయంత్రానికి గట్లన్నీ తిరిగొస్తుంది. రంగు చూశాడు, నురగ చూశాడు. ఈసారికి మానేద్దామా అని తటపటాయిస్తుండగానే అక్క వచ్చి మూత తీసి వంగింది.

"బాగుంది, పోసెయ్," అంది.

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. తనకు జలుబని ఒక్క మాట చెబితే చాలు. డ్రమ్ము తీసుకెళ్ళి చెరువులో పోశాడు.

నాలుగైదు రోజుల్లో చేపలు మేత ముట్టడం మానేశాయి. పొట్టల మీద ఎర్రటి మచ్చలు లేచాయి, తర్వాత ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. అతను పొడి అమ్మినవాడికి ఫోన్ చేసి నానా తిట్లూ తిట్టాడు. ఆ తిట్లు ఎవరికి చెందాలో తిడుతున్నంతసేపూ అతనికి తెలుసు.

చచ్చినవాటిని ఎత్తడానికి పనివాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని దిగారు. అక్క కూడా గుడ్డ కట్టుకుని వచ్చి గట్టు మీద అతని పక్కన కూర్చుంది.

"నాకంటే ముందే నువ్వు షెడ్డుకెళ్ళి చూసొస్తున్నావని నాకు తెలుసురా," అంది. "మూతలు నేను బిగించినట్టు ఉండేవి కాదు. నువ్వు చూసే ఉంటావన్న ధీమాతోనే బాగుందనేదాన్ని. ఆ రోజెందుకు పోశావు?"

"జలుబు చేసిందక్కా. నాకూ తెలీలేదు."

"నాతో చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా నాకు?"

అనకూడని మాట. అక్క మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పేసి నీళ్ళలోకి దిగింది.

"మీరంతా పైకెళ్ళండి. నాకు వాసన రాదు, నేను తీస్తాను," అని అందరికీ వినపడేలా చెప్పింది.

పనివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ముక్కత్త వేళాకోళమాడుతోందేమోనని ఒకడు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. అతని జలుబు అప్పటికి పూర్తిగా తగ్గిపోయింది. ఆ కంపంతా అతనికి తెలుస్తూనే ఉంది. గుడ్డ కట్టుకోకుండానే అతనూ దిగాడు. ఇద్దరూ చచ్చినవాటిని గంపల్లోకి ఎత్తుతూ పోయారు. ఏడుపు ఆగక అతను మధ్య మధ్య పక్కకు తిరిగాడు.

గంపలు నిండాక ఆవిడ చేతులు కడుక్కుని, పనివాళ్ళలా తల వంచుకుని అతని ముందు నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ణి ఏనాడూ పిలవని పిలుపు పిలిచింది.

"రేపట్నుంచి నన్నేం పని చెయ్యమంటావు, బాబూ?" అని అడిగింది.