అత్త కుండలో దక్షిణపు హోరు

నమ్మకపోతే మానేయండి, వాదించే ఓపిక నాకు లేదు. కానీ గంగమ్మ మీద ఒట్టు, ఇది నాకు జరిగింది.

రుషికుల్య సముద్రంలో కలిసేచోట మా ఊరు, గంజాం పక్కనే. రేడియో రాకముందు ఊరికి తుఫాను కబురు చెప్పింది మా అత్తే. ఆవిడకో ఖాళీ కుండ ఉండేది, అడుగున చిన్న చిల్లుతో. మూతిని ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి తిప్పి, చిల్లుకు చెవి ఆనించి సముద్రపు హోరు వినేది. దక్షిణం నుంచి బొంగురుగా వస్తే ఆ రోజు ఎవరూ వేటకు వెళ్లకూడదు. నాకూ నేర్పమంటే, "నీవి బజారు సెవులే" అని ఎగతాళి చేసేది. నేర్పకుండానే పోయింది.

ఆవిడ పోయిన ఏడాది, ఊళ్లోకి రేడియో ఇంకా రాలేదు, వానాకాలం చివర... పగలంతా బరంపురం బజారులో ఎండుచేపలు అమ్మి, ఆఖరి బస్సులో వచ్చి చాప మీద పడ్డాను. కాళ్లు నావి కావు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. మా ఆయన వేకువన వేటకు వెళ్లాలని వల సర్దుకుంటున్నాడు.

కళ్లు మూశాను.

మ్...మ్...

దోమ అనుకున్నాను. కాదు. గాలి లేదు. బయట సముద్రం మామూలుగానే ఉంది. ఆ చప్పుడు అత్త పడుకునే మూల నుంచి... కుండలోంచి. లేచే ఓపిక లేక పాక్కుంటూ వెళ్లాను. ఎప్పుడూ బోర్లించి ఉండే కుండ పక్కకు పడుకుని ఉంది. మూతి దక్షిణానికి. చెయ్యి వేశాను... వణుకుతోంది. చెవి ఆనించాను. బొంగురు హోరు. దాని నడుమ... ఒక దగ్గు. నిప్పు కొస నోట్లో పెట్టి అడ్డచుట్ట కాల్చేవాళ్ల దగ్గు. మా అత్తది. నా చెవికి వెచ్చగా తగిలింది.

వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఎల్లకు మావా. అత్త వద్దంతంది."

ఆయన నా ముఖం చూసి వల పక్కన పెట్టేశాడు. తల్లి మాట కదా.

మర్నాడు ఎండ కాసింది. మిగతా పడవలన్నీ నిండుగా వచ్చాయి. ఊరు నవ్వింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రాత్రి కుండ దగ్గరే కూర్చున్నాను. ఉత్తరానికి తిప్పాను... దక్షిణానికి తిప్పాను... ఒట్టి కుండ. వేకువన ఆయన వల భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు.

"ఏటంతంది మాయమ్మ?"

"ఏటీ అన్నేదు. ఎల్లు" అన్నాను.

మధ్యాహ్నానికి దక్షిణం నల్లబడింది. సాయంత్రానికి తుఫాను. వెళ్లినవాళ్లలో కొందరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. ఆయన చేరలేదు.

అత్త ఒక రోజు ముందే చెప్పిందా? ఒకసారి చెప్పింది చాలనుకుందా? లేక అలసిపోయి నా చెవులే మోగాయా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఆలోచించి ఆలోచించి విసిగిపోయాను.

కుండ ఇప్పుడు నా తల దగ్గరే ఉంటుంది. బజారు నుంచి వచ్చి రోజూ చెవి ఆనిస్తాను. తుఫాను కబురు రేడియో చెబుతుంది... నేను ఆయన గొంతు కోసం వింటాను.