నాలుకకు తాకించిన పొత్తిగుడ్డ

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా మారిన మరుసటి వేసవిలో నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ప్రసూతి కేంద్రానికి మిడ్‌వైఫ్‌గా బదిలీ చేశారు. నా పైన హెల్త్ విజిటర్, ఆమె పైన డాక్టరమ్మ. కాన్పు అయిన ఇంటికి పది రోజులు వరుసగా వెళ్లి బిడ్డ బొడ్డు, చర్మం, తల్లి జ్వరం చూసి రిజిస్టరులో రాయడం నా పని. చేతిలో కొత్త సర్టిఫికెట్టు, నాకు తెలియనిది లేదనే ధీమా.

దూది ఏకే ఖాసింబీ కోడలికి తొలి కాన్పు, మగబిడ్డ. ఆరో రోజున బిడ్డ తొడల సందుల్లో, పిరుదుల మీద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. తప్పు ముసలామెదేనని అక్కడికక్కడే తేల్చేశాను. పసిబిడ్డ రంగు తేలాలనీ, ఒంటి నూగు రాలాలనీ ఆ రోజుల్లో శనగపిండితో గట్టిగా నలుగు పెట్టేవారు. నలుగుతో రంగు మారదు, నూగు దానంతటదే రాలిపోతుంది. రుద్దితే లేత చర్మం గీసుకుపోవడమే మిగిలేది. ఖాసింబీని బాగా కోప్పడి, నలుగు మాన్పించి, శిక్షణలో నేర్పినట్టు సంచిలోని బోరిక్ పౌడరు చల్లి వచ్చాను.

ఎనిమిదో రోజుకు పైచర్మం లేచి రసి కారుతోంది. బిడ్డ పాలు కూడా పట్టడం లేదు. పుండు చీము పడితే అంత పసివాడు తట్టుకోలేడని నాకు భయం పట్టుకుంది. మళ్లీ పౌడరు డబ్బా మూత తీశాను. ఖాసింబీ బిడ్డ మీద చేయి అడ్డం పెట్టింది.

"వద్దు నర్సమ్మా. నువ్వు చెప్పినంక నలుగు ముట్టలే. అయినా శానా ఎక్కువైతాంది. యాడ కందిందో చూడు, గుడ్డ కట్టే చోటే కదా" అంది.

తీగ మీద ఆరిన పొత్తిగుడ్డ తెచ్చి, కొసను నాలుకకు తాకించి మొహం చిట్లించింది. "చౌడు పోలేదు, నువ్వూ చూడు" అని నా చేతికిచ్చింది. తాకించాను. నాలుక చురుక్కుమంది.

చౌడంటే బట్టల మురికి తీసే ఉప్పుమట్టి. అందులో నానేసిన గుడ్డల్ని మామూలుగా పెన్నలో పారే నీళ్లలో జాడిస్తారు. ఆ ఎండాకాలం ఏరు ఎండిపోయి, ఇసుకలో తవ్విన చెలమల నుంచి కడవలతో నీళ్లు మోస్తున్నారు. గుడ్డల్ని ఒక్కసారి ముంచి పిండేస్తున్నారు. నలుగు మీద విరుచుకుపడ్డ నేను ఆ సంగతి అడగనే లేదు.

అప్పటికప్పుడు బిడ్డను డాక్టరమ్మకు చూపించాం. ఆమె పౌడరు కడిగించి, గుడ్డలన్నీ మూడు నీళ్లలో జాడించమనీ, బిడ్డను రోజూ కాసేపు గుడ్డ కట్టకుండా ఉంచమనీ చెప్పింది. ఆ కరువులోనూ ఇరుగుపొరుగు తలా ఒక కడవ నీళ్లు ఇచ్చారు. పది రోజుల గడువు దాటినా నేను వెళ్తూనే ఉన్నాను. వారానికి కొత్త చర్మం వచ్చింది. తప్పు నాదని ఒప్పుకుంటే, "నువ్వు తిట్టినందుకే గదా నలుగు మానుకుంటిమి. బిడ్డ బాగైనాడంటే నీది సగం, నాది సగం" అంది ఖాసింబీ.

కొన్నేళ్లకు పులివెందులలో పనిచేస్తుండగా ఒక శిక్షణ తరగతిలో తెలిసింది: లేచిపోయిన చర్మం మీద బోరిక్ పౌడరు చల్లితే అది ఒంట్లోకి ఇంకి పసిబిడ్డల ప్రాణానికే ముప్పట. ఖాసింబీ ఆ రోజు చేయి అడ్డం పెట్టకపోతే ఏమయ్యేదో తలచుకోలేను. ఆమెకు జీవితాంతం రుణపడి ఉన్నాను.

రిటైరయ్యేదాకా నా దగ్గరికి వచ్చిన ప్రతి కొత్త మిడ్‌వైఫ్‌కూ ఒకటే చెప్పాను. బిడ్డ ఒళ్లు కందితే సంచి తెరిచే ముందు గుడ్డలు ఎన్ని నీళ్లలో జాడించారో అడగండి. ఇంట్లో ముసలామె వద్దంటే, ఎందుకో చెప్పేదాకా ఆగండి.