ముందుగాల వచ్చిన బ్లాస్టింగ్ చప్పుడు

యేండ్ల సంది ఈ మాట దాసిపెట్టుకున్న. మా ఆయనకు చెప్పలే, అమ్మకు చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, అందుకే మీకు చెప్తున్న.

నేను చంద్రపూర్‌ల, లాల్‌పేట్ దిక్కు బొగ్గు గనుల పక్కన ఒక మరాఠీ బడిల పంతులమ్మను. క్లాసుల ఫోను, స్మార్ట్ బోర్డు ఎట్ల వాడాలెనో మిగతా టీచర్లకు ట్రైనింగ్ గూడ ఇస్త. మొదటి నియమం నేనే చదివి వినిపిస్త: తెర నడుస్తున్నంత సేపు టీచర్ అక్కడనే ఉండాలె. సిగ్గుండాలె నాకు.

కరోనా వచ్చినప్పుడు బడి బందు, ఫోన్ల క్లాసులు. ఆ ఫోను ముందట కూసోని కూసోని చిరాకు లేసింది. ఒకనాడు పాఠం ముందుగాలనే వీడియో తీసి పెట్టుకున్న. నడుమ నడుమ ఆగి, పిల్లలు జవాబు చెప్తుంటే విన్నట్లు తలకాయ ఊపి, "శాబ్బాస్, గట్లనే కూసో" అని మరాఠీల అన్న. ఎంత తెలివో చూడుండ్రి! తెల్లారి క్లాసుల అదే నడిపిచ్చి, నేను వంటింట్ల మామిడికాయ తొక్కు కలుపుకుంట ఉన్న.

క్లాసుల జరిగిందంత ఫోన్ల రికార్డయితది, ఆ వీడియో పెద్ద మేడమ్‌కు పంపాలె. పొద్దుమూకినంక పంపబోతూ చూసిన. మూడో తరగతి రజిత, మా గల్లి తెలుగు పిల్లనే. తండ్రి గనిల డ్యూటీకి పోయిండు, తల్లికి జరం. క్లాసు నడుమ ఆ పిల్ల మరాఠీ ఇడిసి తెలుగుల అడిగింది, "మేడమ్, మా అమ్మ లేస్తలేదు. పిలిస్తే పలుకుతలేదు. ఏం జెయ్యాలె?"

తెర మీద నేను విన్న. తలకాయ ఊపిన. నవ్విన. "శాబ్బాస్, గట్లనే కూసో."

పిల్ల కూసున్నది. క్లాసు అయిపోయేదాక, చేతులు కట్టుకొని, నా దిక్కే చూసుకుంట. మిగిలిన పిల్లలకు తెలుగు రాదు. నేను ఇదంత చూసేటాళ్లకు రజిత తల్లి పోయి, వాళ్లింట్ల ఏడ్పులు మా ఇంటిదాక ఇనవడుతున్నయ్.

రికార్డు తుడిచేసిన. నెట్‌వర్క్ లేకుండె అని పెద్ద మేడమ్‌కు చెప్పిన. జల్ది దవాఖానకు తీసుకపోతే ఆమె బతుకునా? ఏమో. ఆ పిల్ల బయటికి ఉరికి అరిచినా ఎవరన్న వస్తుండిరి గదా? ఉరకనియ్యంది ఎవరు? తెర మీది మొఖమా, నేనా? ఆ మొఖం నాది కాదని ఎన్నిసార్లు అనుకున్ననో, అద్దం ముందట తల దువ్వుకుంటుంటే అదే కనవడ్తది.

మొన్న రజిత మళ్ల నా క్లాసుకే వచ్చింది, పెద్దగైంది. బడి ఇడిసినంక స్మార్ట్ బోర్డు బందు చేస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డది.

"మేడమ్, ఆ పొద్దు క్లాసుల మీ ఇంట్ల బ్లాస్టింగ్‌కు కిటికీలు దడదడమన్నయ్. మా ఇంట్ల అప్పుడు ఏం కాలే, క్లాసు అయినంకనే అదిరినయ్."

గనిల మధ్యాహ్నం మందు పెట్టి బొగ్గు పేల్చే బ్లాస్టింగ్ అయితే మా గల్లిల అన్ని ఇండ్లు ఒక్కసారే అదురుతయ్. నా వీడియోల పడ్డది ముందటి రోజు మధ్యాహ్నం చప్పుడు.

"నెట్‌వర్క్ బిడ్డా," అన్న. "చప్పుడు ఆగి ఆగి వస్తుండె."

"ఆగితే ఎనుకకు రావాలె గదా మేడమ్. ముందుగాల ఎట్లొచ్చింది?"

గట్టిగ అడగలే. నా దిక్కే చూసుకుంట నిలబడ్డది, చేతులు కట్టుకొని. తలకాయ ఊపిన. నవ్విన గూడ.

పిల్ల సంచి తీసుకొని పోయింది.

రజితా, ఆ పొద్దు క్లాసుల నేను లేకుంటి. నువ్వు అడిగింది బొమ్మను. ఈ మాట నీకు చెప్పే ధైర్యం ఇంకా రాలే. ఇక్కడ రాసిన, జర ఊపిరి ఆడుతున్నది.